ఫోన్ పట్టుకున్న మనవడు మాతృభాష గడిలో ఏమి రాస్తాడు?

ఈసారి జనాభా లెక్కల్లో రెండు కొత్త సంగతులున్నాయి. ఒకటి, కులం కూడా అడుగుతారు. రెండు, ఇంటికి వచ్చే ఉద్యోగి కోసం కాచుకోకుండా మనమే ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో వివరాలు నింపుకోవచ్చు. 2027 మార్చి 1 నాటికి దేశంలో ఎవరెవరున్నారో తేల్చే ఈ గణన మీద పత్రికల్లో వస్తున్న చర్చంతా మొదటి సంగతి చుట్టూనే తిరుగుతోంది. తమిళనాట తెలుగువాళ్ళకు రెండోది కూడా అంతే ముఖ్యమని మా అభిప్రాయం.

కారణం ఇది. 2011లో ఉద్యోగి అరుగు మీద కూర్చుని కాగితం చూస్తూ ఒక్కొక్కటే అడిగాడు. జవాబు చెప్పింది ఇంటి పెద్ద. మాతృభాష ఏమిటంటే తాతో, నాయనో, అవ్వో "తెలుగు" అన్నారు. ఆ జవాబులన్నీ కలిపితే తమిళనాడులో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 42 లక్షల 34 వేల పైచిలుకు, అంటే రాష్ట్ర జనాభాలో 5.87 శాతం అని తేలింది. ఈసారి రాయవేలూరులోనైనా, గుడియాత్తంలోనైనా ఫోన్ చేత పట్టుకుని గడులు నింపేది చాలా ఇళ్ళలో ఇరవై ఏళ్ళ మనవడో మనవరాలో. తాతకు ఓటీపీ చదివి చెప్పడమే గండం. పిల్లవాడు ఒక్కడే కూర్చుని పది నిమిషాల్లో ఇంటిల్లిపాదికీ రాసేస్తాడు. అమ్మకు, నాయనకు, తాతకు, తనకు ఏ భాష రాయాలో ఆ పది నిమిషాల్లో వాడే తేలుస్తాడు.

ఇదివరకటి గణనల్లో మాతృభాషకు ఇచ్చిన అర్థం చాలా తేలికైనది. చిన్నతనంలో తల్లి బిడ్డతో ఏ భాషలో మాట్లాడిందో అదే మాతృభాష. బడిలో చదివింది కాదు, రాయడం వచ్చింది కాదు, వీధిలో మాట్లాడేదీ కాదు. అది కాక తెలిసిన మరో రెండు భాషలు రాసే వీలు కూడా ఉండేది. అయినా ఈ సంగతి తెలియని పిల్లవాడు "నాకు తెలుగు చదవడం రాదు కదా, తమిళమే రాద్దాం" అనుకుంటాడు. మేము మాట్లాడిన కాలేజీ పిల్లల్లో ఎక్కువమంది ఈ మాటే అన్నారు. వాళ్ళు తెలుగును కాదనుకున్నవాళ్ళు కాదు. తెలుగు తమది అని చెప్పుకునే అర్హత తమకు లేదనుకుంటున్నవాళ్ళు.

మరి ఆ పిల్లవాడి దగ్గర ఉన్న తెలుగు ఏది? బడి ఇవ్వలేదు. పుస్తకం ఇవ్వలేదు. ఇంట్లో అవ్వ మాట్లాడే నాలుగు మాటలు పోగా మిగిలింది పాటలు, సినిమా కథానాయకులు. అందుకే జనాభా లెక్కలతో మొదలుపెట్టిన ఈ వ్యాసం ఇక పాటల వైపు వెళుతుంది. పాత పాఠకులు నవ్వుకోవచ్చు. కానీ పదహారు, పద్దెనిమిదేళ్ళ వయసులో "నేనెవరు" అన్న ప్రశ్నకు జవాబు సంఘం మహాసభ తీర్మానాల్లో దొరకదు. ఎవరి గొంతు విని గుండె నిండిందో, ఎవరిలా జుట్టు దువ్వుకోవాలనిపించిందో, ఆ మనిషి దగ్గర దొరుకుతుంది. మన కాలంలో మాత్రం అలా కాలేదా?

మన కాలం సంగతే ముందు చూద్దాం. 1950ల్లో, 60ల్లో తెలుగు సినిమా మద్రాసులోనే పుట్టేది. విజయా వారి పాతాళభైరవి 1951లోనూ, మాయాబజార్ 1957లోనూ తెలుగులో, తమిళంలో రెండింటా తీశారు. సావిత్రి, ఎస్వీ రంగారావు రెండు భాషల ఇళ్ళకూ చుట్టాలే. 1964లో తమిళ కర్ణన్‌లో కృష్ణుడు ఎన్టీ రామారావు. చందమామ 1947 జులైలో తెలుగులోనూ, అంబులిమామ పేరుతో తమిళంలోనూ మద్రాసు నుంచే మొదలైంది. గుడియాత్తంలో మగ్గం దగ్గర కూర్చున్న తెలుగు కుర్రవాడికి తన భాష మాట్లాడే పెద్ద మనుషులు రైలెక్కితే మూడు నాలుగు గంటల దూరంలో ఉండేవారు. తమిళ మిత్రుడు కూడా ఆ మనుషులనే మెచ్చుకునేవాడు. దాంతో తెలుగు అనేది దాచుకోవలసిన విషయం అన్న ఊహే రాలేదు. 1978లో మరో చరిత్ర మద్రాసు సఫైర్ థియేటర్లో డబ్బింగ్ లేకుండా, తెలుగులోనే, ఏడాదికి పైగా ఆడింది. తీసిన బాలచందర్ తమిళుడు, నటించిన కమల్ హాసన్ తమిళుడు, చూసినవాళ్ళలో ఎక్కువమంది తమిళులు. తమిళ ప్రేక్షకుడు తెలుగు విని అర్థం చేసుకోవడానికి సిద్ధపడ్డ రోజులవి.

తర్వాత పరిశ్రమ హైదరాబాదు తరలిపోయింది. తప్పెవరిదీ కాదు, అది జరిగింది. దాంతో మన పిల్లలకు తెలుగు తారలు పొరుగు రాష్ట్రపు తారలయ్యారు. ఇక గత పదేళ్ళలో ఇంకో మార్పు వచ్చింది. 2015లో బాహుబలి తెలుగులో, తమిళంలో తీశారు. ఆ తర్వాత ప్రతి పెద్ద తెలుగు సినిమా తమిళ మాటలతో అదే రోజు మన ఊళ్ళోకి దిగుతోంది. తెలుగు కథానాయకుడి కటౌట్‌కు గుడియాత్తంలో పాలు పోస్తారు, విజిళ్ళు వేస్తారు. అతను తెర మీద మాట్లాడేది తమిళం. అంటే మన పిల్లవాడు తెలుగు వీరుణ్ణి ప్రేమించడానికి తెలుగు అక్కర్లేకుండా పోయింది. ఇది మేము ఫిర్యాదుగా చెప్పడం లేదు. వ్యాపారం అలా ఉంది. కానీ "తెలుగు సినిమా ప్రపంచమంతా వెలుగుతోంది, ఇక మన భాషకు ఢోకా లేదు" అని వేదికల మీద మాట్లాడే పెద్దలు ఈ ఒక్క ముక్క గమనించాలి.

2023 మార్చి 12న నాటు నాటు పాటకు ఆస్కార్ వచ్చినప్పుడు మా సంఘం కూడా మిఠాయిలు పంచింది. చంద్రబోస్ రాసిన తెలుగు పాట, కీరవాణి స్వరం, పాడినవాళ్ళలో ఒకరు హైదరాబాదు పాతబస్తీ కుర్రవాడు రాహుల్ సిప్లిగంజ్, మరొకరు కాలభైరవ. మా వీధి పిల్లలు ఆ పాటకు కాళ్ళు అరిగేలా ఎగిరారు. అందులో సగంమంది ఎగిరింది దాని తమిళ రూపానికి. కీరవాణి పేరే తమిళ తెర మీద మరగతమణి. గొప్పతనం మనదే, మాట మాత్రం దారిలో మారిపోయింది.

పుష్ప సంగతి ఇంకా విచిత్రం. 2021 డిసెంబరులో వచ్చిన ఆ సినిమా శేషాచలం అడవుల కథ. కథానాయకుడు మాట్లాడేది చిత్తూరు యాస. గుడియాత్తం నుంచి పరదరామి దాటితే ఆంధ్ర, చిత్తూరు జిల్లా. మన ఇళ్ళలో "వస్తా ఉండాను, పోతా ఉండాను" అనే తెలుగు అదే. టీవీ తెలుగు విని విని మన పిల్లలు తమ ఇంటి మాట మొరటుదనీ, అరవ తెలుగనీ సిగ్గుపడుతూ వచ్చారు. అలాంటిది ఆ యాసలో మాట్లాడిన నటుడికి జాతీయ ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది, తెలుగు నటుల్లో అది అందుకున్న మొదటివాడు అల్లు అర్జునే. మన పిల్లల్లో దాన్ని తెలుగులో చూసినవాళ్ళు ఇంటికొచ్చి "తాతా, మన మాదిరే మాట్లాడతాడు" అన్నారు. తమిళ డబ్బింగులో చూసినవాళ్ళకు ఆ మాటే తట్టలేదు, తట్టడానికి అందులో ఆ యాస లేదు కదా. ఒకే సినిమా, ఒకే ఊరు, ఒకే వయసు పిల్లలు. ఒకడికి తన ఇంటి మాట మీద గౌరవం కలిగింది, ఇంకొకడికి గడ్డం కింద చెయ్యి తిప్పడం వచ్చింది.

పుష్ప గురించి ఇంకో మాట చెప్పకుండా ముందుకు పోలేము. ఎర్రచందనం దొంగరవాణా మన ప్రాంతానికి సినిమా కాదు. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో పోలీసు కాల్పుల్లో చనిపోయిన 20 మంది తమిళనాడు నుంచి వెళ్ళిన కూలీలే. జవ్వాది కొండల్లో పని లేక, రోజు కూలి ఆశ చూపితే అడవికెళ్ళే మనుషుల కథ మన జిల్లాలవాళ్ళకు తెలుసు. తెర మీద భుజం ఎగరేసి తగ్గేది లేదన్నవాడు సంపన్నుడయ్యాడు, నేల మీద దుంగ మోసినవాడు తిరిగి రాలేదు. యాస కోసం పుష్పను మెచ్చుకునే పిల్లవాడికి ఈ రెండో సగం చెప్పవలసింది ఇంటివాళ్ళే.

ఇప్పుడు మేము అసలు చెప్పదలచిన మనుషుల దగ్గరికి వస్తాము. ఇద్దరు. ఒకరు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, ఇంకొకరు వాణీ జయరామ్.

బాలు 1946 జూన్ 4న పుట్టిన కోనేటమ్మపేట ఇప్పుడు తమిళనాడు తిరువళ్ళూరు జిల్లాలో ఉంది. నాయన సాంబమూర్తి హరికథలు చెప్పేవారు. బాలు తెలుగులో 1966లో పాడిన మొదటి సినిమా శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న, అవకాశం ఇచ్చింది ఎస్పీ కోదండపాణి. తమిళంలో పాడాలని వెళితే ఎమ్మెస్ విశ్వనాథన్ గొంతు మెచ్చుకుని, తమిళ ఉచ్చారణ బాగు చేసుకుని రమ్మని పంపారని బాలు తానే చెప్పుకునేవారు. అలిగి కూర్చోలేదు, నేర్చుకుని వెళ్ళారు. 1969లో ఎంజీఆర్ అడిమైప్పెణ్‌లో పాడిన పాటతో తమిళనాడు ఇంటింటికీ తెలిసిపోయారు. ఆరు జాతీయ బహుమతులు నాలుగు భాషల్లో వచ్చాయి: తెలుగు, హిందీ, కన్నడం, తమిళం. తమిళానికి వచ్చింది మిన్సార కనవు సినిమాకు. తమిళులెవరూ ఆయన్ని తెలుగువాడని దూరం పెట్టలేదు, తెలుగువాళ్ళెవరూ తమిళుడయ్యాడని నిష్ఠూరమాడలేదు. ఆయన పోయాక నాలుగో వర్ధంతి నాడు, 2024 సెప్టెంబరు 25న, చెన్నైలో ఆయన నివసించిన కామ్‌దార్ నగర్ వీధికి ఆయన పేరు పెడుతున్నట్టు తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది.

వాణీ జయరామ్ మన రాయవేలూరు ఆడపడుచు. 1945 నవంబరు 30న ఇక్కడే పుట్టారు, పెట్టిన పేరు కలైవాణి. ఇంటి భాష తమిళం. ఆమెకు వచ్చిన మూడు జాతీయ బహుమతుల్లో మొదటిది తమిళ అపూర్వ రాగంగళ్‌కు. మిగతా రెండూ తెలుగువే: శంకరాభరణం, స్వాతికిరణం. శంకరాభరణానికి ఆ ఏడాది పురుషుల్లో బాలుకు, స్త్రీలలో వాణికి బహుమతి. ఇప్పటి తమిళనాడు నేల మీద పుట్టిన తెలుగు కుర్రవాడు, రాయవేలూరులో పుట్టిన తమిళ పిల్ల, ఇద్దరూ ఒకే తెలుగు సినిమాకు దేశంలోకెల్లా మేటి గాయకులనిపించుకున్నారు. 2023 జనవరిలో ఆమెకు పద్మభూషణ్ ప్రకటించారు. అది చేతికందక ముందే, ఫిబ్రవరి 4న, ఆమె పోయారు. శంకరాభరణం తీసిన విశ్వనాథ్ అంతకు రెండు రోజుల ముందే వెళ్ళిపోయారు. ఇంత జరిగినా వేలూరులో మన తెలుగు పిల్లలను అడిగితే వాణీ జయరామ్ ఈ ఊరి మనిషని తెలిసినవాళ్ళు చేతివేళ్ళకు సరిపోరు. తమిళ పిల్లల్లోనూ అంతే.

ఈ ఇద్దరినే ఎందుకు ఎత్తి చూపుతున్నామంటే, మన పిల్లలకు రోజూ ఎదురయ్యే చిక్కుకు వీళ్ళ దగ్గర జవాబుంది. తమిళుడిగా ఉండాలా, తెలుగువాడిగా ఉండాలా అని వాళ్ళను ఎవరో ఒకరు ఎప్పుడూ నిలదీస్తూనే ఉంటారు. 2024 నవంబరులో చెన్నైలో ఒక సభలో ఒక నటి, తెలుగువాళ్ళు రాజుల అంతఃపురాల్లో సేవ చేయడానికి వచ్చినవారన్నట్టు మాట్లాడడం, అది పెద్ద గొడవై, కేసులై, అరెస్టు దాకా వెళ్ళడం అందరికీ గుర్తే. ఆవిడ తర్వాత మాట వెనక్కి తీసుకున్నారు. కానీ ఆ వారమంతా మన పిల్లలకు తరగతి గదుల్లో, వాట్సాప్ గుంపుల్లో ఎదురైన ప్రశ్న ఒకటే: "మీరు ఎప్పుడొచ్చారు?"

మన ఉత్తర ఆర్కాటు ప్రాంతంలో ఈ ప్రశ్నే తలకిందులు. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది ఈ ఉత్తర ఆర్కాటులోంచి తాలూకాలు విడదీసి. 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు సర్దినప్పుడు తిరుత్తణి ప్రాంతం ఇటొచ్చింది, చెంగల్పట్టు గ్రామాలు కొన్ని అటెళ్ళాయి. తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ వేలూరు ఊరీస్ కాలేజీలో చదివారు. ఆయన ఇల్లు వదిలి ఎక్కడికో వలస రాలేదు, గీత అటూ ఇటూ జరిగింది. దక్షిణాన మదురై, తిరునెల్వేలి తెలుగువాళ్ళ చరిత్ర వేరు. మన చుట్టుపక్కల చాలా ఇళ్ళకు మాత్రం ఇదే జవాబు. ఆ జవాబు తెలిసిన పిల్లవాడికి కోపం రాదు, తెలియనివాడికే వస్తుంది. ఆ వారం కొందరు కుర్రవాళ్ళు కోపంలో ఫోన్లో పెట్టిన బొమ్మలు చూశాము. కత్తులు, గుర్రాలు, రాజులు. రాజుల పక్కన కులం పేరు.

ఇక్కడ కొంచెం కటువుగా మాట్లాడక తప్పదు. తమిళనాట తెలుగు సంఘాలు పిల్లలకు చూపిన వీరులు ఎవరు? కృష్ణదేవరాయలు, తిరుమల నాయకుడు, కట్టబొమ్మన. గొప్పవారే, కాదనము. వేలూరు కోట కట్టించిన బొమ్మి నాయకుడి పేరూ పిల్లలకు తెలియాలి, అప్పయ్య దీక్షితుల వంటి పండితుణ్ణి ఆదరించినవాడు ఆయన. కానీ ప్రతి రాజునూ ఒక్కో కులసంఘం తన వాల్‌పోస్టరు మీదికి ఎక్కించుకుంది. ఆ రాజు మా కులమా మీ కులమా అన్న తగాదా తేలక, తెలుగు మాట వెనకబడింది. పద్దెనిమిదేళ్ళ పిల్ల సంఘం మీటింగుకు వస్తే మొదటి పది నిమిషాల్లో ఆమెకు అర్థమయ్యేది, ఇక్కడ భాష కంటే కులం పెద్దదని. రెండోసారి రాదు. ఈసారి జనగణనలో కులం గడి, మాతృభాష గడి రెండూ ఉంటాయి. కులం గడి ఎలా నింపాలో ఇంటింటికీ వచ్చి చెప్పేవాళ్ళు పదిమంది ఉంటారు. భాష గడి గురించి చెప్పేవాళ్ళు ఎవరు?

ఇంకో మాట, కొందరికి రుచించకపోవచ్చు. ఇంట్లో తెలుగు మాట్లాడే అరుంధతీయ కుటుంబాలు తమిళనాడులో చాలా ఉన్నాయి. ఊళ్ళు శుభ్రం చేసే పనిలో, తోలు పనిలో తరాలుగా ఉన్నవాళ్ళు. 2009లో వాళ్ళకు ఎస్సీ కోటాలో 3 శాతం వేరుగా ఇచ్చారు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పుతో ఆ ఏర్పాటు నిలబడింది. వాళ్ళ వీరుడు ఒండివీరన్, పాళయంకోటలో స్మారకం ఉంది. మన ఉగాది వేదికల మీద ఆ పేరు ఎప్పుడైనా విన్నామా? 42 లక్షల లెక్క చెప్పుకునేటప్పుడు వాళ్ళు మనవాళ్ళు, కుర్చీలు వేసేటప్పుడు కారు. ఆ వాడల్లో పిల్లలు కూడా బాలు పాటే వింటారు. పాట దగ్గర మాత్రం ఈ తేడా రాదని మేము కళ్ళారా చూశాము కనుకనే, రాజుల కంటే గాయకులను ముందు పెడదామంటున్నాము.

అయితే గాయకుడు కూడా అన్నీ ఇవ్వలేడు. మా సంఘం పిల్లలకు పాటల పోటీ పెడుతుంది. వచ్చే పిల్లల్లో అధిక భాగం పాటను తమిళ అక్షరాల్లో రాసుకుని వస్తారు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం, ప, ఫ, బ, భ నాలుగింటికీ ఒకటే. పాట విని పట్టినంతవరకు పిల్ల చక్కగా పాడుతుంది. చరణం మరిచిపోయి కాగితం చూసిందా, చిక్కే. "భావం" అక్కడ "పావం" అవుతుంది. తమిళంలో పావం అంటే అయ్యో పాపం అని. భక్తి పాటలో భావం అనవలసిన చోట పావం అంటే ముందు వరసలో అవ్వలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటారు. పిల్లకు ఎందుకు నవ్వారో తెలియదు. నవ్వారన్నది మాత్రం గుర్తుంటుంది. మరుసటి ఏడు తమిళ పాట పాడతానంటుంది, లేదా రాదు. అమెరికాలో పెరిగిన సిద్ శ్రీరామ్ తెలుగు పలుకు తప్పిందని పెద్దలు గొణిగినా పిల్లలు ఆ గొంతును నెత్తిన పెట్టుకున్నారు. మన గుడియాత్తం పిల్ల పలుకు తప్పితే మాత్రం నవ్వుతాము.

బాలు ఈ పని ఎలా చేసేవారో గుర్తు చేసుకోండి. 1996లో ఈటీవీలో పాడుతా తీయగా మొదలుపెట్టారు. పిల్ల పాడగానే ముందు మెచ్చుకునేవారు. ఆ తర్వాత పాట రాసింది ఎవరో, స్వరం కట్టింది ఎవరో చెప్పి, ఫలానా మాటకు అర్థం ఇది, అక్కడ ఒత్తు ఇలా పలకాలి అని తాను పాడి చూపేవారు. పిల్ల అవమానపడేది కాదు, నేర్చుకునేది. విశ్వనాథన్ తనకు చెప్పినట్టే తానూ చెప్పారు. విజయనగరంలో పుట్టిన సుశీల, గుంటూరు జిల్లా నుంచి వచ్చిన జానకి తమిళంలో అంత స్పష్టంగా పాడడం వెనుక కూడా ఇలాంటి దిద్దుబాటు, సాధన ఉన్నాయి. ఆరు భారతీయ భాషల్లో పాడిన 17,695 పాటలకు 2016లో సుశీలకు గిన్నిస్ గుర్తింపు వచ్చింది. అభిమాని పిల్లలకు తెలిసేది గిన్నిస్ సంగతి, తెలియవలసింది దిద్దుబాటు సంగతి.

బడి గురించి క్లుప్తంగా. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం 2006-07లో ఒకటో తరగతితో మొదలై ఏడాదికొక తరగతి చొప్పున పదో తరగతి దాకా తమిళాన్ని తప్పనిసరి చేసింది. భాషా మైనారిటీ పిల్లలకు పదో తరగతి తమిళ పరీక్ష నుంచి మినహాయింపు కోసం కోర్టుల చుట్టూ తిరిగాము. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక ఏడాది ఊరట ఇచ్చింది. తమిళం నేర్చుకోవడం మీద మాకు పేచీ లేదు, అది మనకు అన్నం పెట్టే భాష, పిల్లలు దాన్ని బాగా నేర్చుకోవాలి. పేచీ అంతా తెలుగు చెప్పే ఉపాధ్యాయుడు రిటైరైన చోట మళ్ళీ ఎవరూ రాకపోవడం మీద. అర్జీలు పెడుతూనే ఉన్నాము, పెడతాము. కానీ అర్జీకి జవాబు వచ్చేలోగా పదేళ్ళ పిల్ల ఇరవై ఏళ్ళదవుతుంది.

వేలూరులో తెలుగు అక్షరం ఈ రోజు ఎక్కడ బాగా కనబడుతుందో తెలుసా? సీఎంసీ ఆసుపత్రి ఎదుట లాడ్జీల బోర్డుల మీద, మందుల షాపుల మీద. ఆంధ్ర నుంచి వచ్చే రోగుల కోసం హిందీ, బెంగాలీ పక్కన తెలుగూ రాస్తారు. తెలుగు బొమ్మ తెలుగులోనే ఆడుతోందంటే అది ఎక్కువగా కాట్పాడిలో విఐటీలో చదివే ఆంధ్ర, తెలంగాణ పిల్లల కోసం. రోగులకూ విద్యార్థులకూ దొరికే తెలుగు నాలుగు తరాలుగా ఇక్కడే ఉన్న మన ఇళ్ళకు దొరకడం లేదు. ఇందులో ఒక మేలు ఉంది, దాన్ని వాడుకుందాం. ఆ విద్యార్థుల్లో పాడేవాళ్ళు, గిటారు వాయించేవాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళకు మన ఇంటి భోజనం కావాలి, మన పిల్లలకు వాళ్ళ తెలుగు కావాలి. ఈ మధ్య ఇద్దరు ముగ్గురిని గుడియాత్తానికి పిలిచాము. మన పిల్లల యాస విని నవ్వుతారేమో అని భయపడ్డాము. చిత్తూరు, మదనపల్లె పిల్లలు వచ్చారు కాబట్టి "మా ఊరి మాదిరే ఉంది" అన్నారు. మా మాటలకంటే ఆ ఒక్క మాట ఎక్కువ పని చేసింది.

చేయదలచింది ఇది. ఆదివారం ఉదయం ఒక గంట. నెలకు ఒక పాట, నాలుగు వారాలూ అదే పాట. మొదటి వారం కాగితం మీద పైన పెద్ద తెలుగు అక్షరాలు, కింద తమిళ అక్షరాలు. రెండో వారం పల్లవి కింద తమిళం ఉండదు. నాలుగో వారానికి కాగితం అంతా తెలుగే. పాట ఎలాగూ కంఠతా వచ్చి ఉంటుంది కనుక అక్షరం ఏదో పిల్లే పోల్చుకుంటుంది. మొదటి నెల బాలు పాడింది, రెండో నెల వాణీ జయరామ్ పాడింది, మూడో నెల పిల్లలు కోరింది, అది పుష్ప పాటైనా సరే. పలుకు దిద్దేవారు ముందు మెచ్చుకోవాలి, తర్వాతే దిద్దాలి. ముందు వరసలో నవ్వేవాళ్ళను వెనక వరసకు పంపుతాము, అవ్వలైనా సరే. ఏ వాడ పిల్లలైనా రావచ్చు, వచ్చేవాళ్ళను కులం అడిగేది లేదు.

జనగణన ఫారం సంగతి కూడా ఆ గంట చివర్లోనే మాట్లాడతాము. మేము చాలా ఏళ్ళు గుమాస్తా పని చేసినవాళ్ళం. గడిలో ఏముందో ప్రభుత్వానికి తెలిసిన నిజం అదే, గడిలో లేనిది ఫైలు దాటి రాదు. తెలుగు ఉపాధ్యాయుడు కావాలని అడిగినా, పాఠ్యపుస్తకం కావాలని అడిగినా ముందు అడిగేది మీరెంతమంది అనే. అబద్ధం రాయమని ఎవరికీ చెప్పము. అమ్మ చిన్నప్పుడు తమిళంలోనే మాట్లాడి ఉంటే తమిళమే రాయాలి, అలాంటి ఇళ్ళూ మనలో ఇప్పుడు చాలా ఉన్నాయి. తెలుగులో లాలించి ఉంటే, చదవడం వచ్చినా రాకపోయినా, తెలుగు రాయాలి. తాతకు, అవ్వకు విడిగా అడిగి వాళ్ళది వాళ్ళకు రాయాలి, అందరికీ ఒకటే రాసి పంపేయకూడదు. ఫోన్ మీద రానివాళ్ళు ఇంటికొచ్చే ఉద్యోగికి నోటితో చెప్పవచ్చు, ఆయన రాసింది ఒకసారి చదివి వినిపించమని అడగవచ్చు.

మొదటి పాట ఏదో ఇంకా తేల్చలేదు. శంకరాభరణంలోది కష్టమని కొందరు, అదే కావాలని కొందరు. పిల్లలకు వదిలేశాము. తెలుగు అక్షరాలు పెద్దవిగా, తప్పుల్లేకుండా టైపు చేసి ఇవ్వగలవారు వేలూరు, కాట్పాడి, గుడియాత్తం, పేర్ణాంపట్టు చుట్టుపక్కల ఉంటే సంఘానికి కబురు చేయండి. మా చేతిరాత కచేరీ రాత, పిల్లలు చదవలేకపోతున్నారు.